ఎరుపు తెలిసిన నాలుక

అనసూయ కాచిన చారు మా వీధిలో అందరం ఏదో ఒకనాడు తిన్నవాళ్ళమే. ఒకసారి ఉప్పు కషాయం, ఇంకోసారి ఉప్పన్నదే ఉండదు. ఎవరం ఏమీ అనేవాళ్ళం కాదు. మా అత్తగారైతే ఆ గిన్నె లోపలికి పట్టుకెళ్ళి, చారు సరిచేసుకుని, గిన్నె కడిగి అందులో నాలుగు కరివేపాకు రెబ్బలు వేసి తిరిగి ఇచ్చేది. "బాగుందే అనసూయా" అనేది. ఆ పిల్ల నవ్వి ఊరుకునేది. తన నాలుకకి రుచి తెలియదన్న సంగతి మాకు తెలుసునని తనకీ తెలుసు.

ఆ నాలుకే ఒకప్పుడు పెడనలో వాళ్ళ నాన్న భావనారాయణగారి ఎరుపుకి ఆధారం. ఈ సంగతి మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియదు. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే ఉన్నా, నాకే తెలియదు.

భావనారాయణగారు గుడ్డల మీద అచ్చులతో రంగులు వేసే అద్దకం పని చేసేవాడు. ఆ రోజుల్లోనే ఆ పని బాగా తగ్గిపోయింది. రెండు మూడు ఇళ్ళవాళ్ళు పట్టుకుని ఉన్నారంతే. గుడ్డని కరక్కాయ నీళ్ళలో పాలు కలిపి తడిపి ఆరేయడం, కాలువలో జాడించడం, కాగులో ఉడకబెట్టడం ఇవన్నీ ఇంట్లో ఆడవాళ్ళే చేసేవాళ్ళు. ఆయన భార్య మంగమ్మ వదిన చేతులు ఏడాది పొడుగునా కరక్కాయ రంగులోనే ఉండేవి. అయితే పెరట్లో ఓ చిన్న గది ఉండేది. అందులో పటిక నీళ్ళు కలుపుతారు. అచ్చు ముందు ఆ నీళ్ళలో ముంచి గుడ్డ మీద వేస్తారు. అది వేసినచోటే తరువాత చిరివేరు మొక్క వేళ్ళతో ఉడికించినప్పుడు ఎరుపు పడుతుంది. నీళ్ళు పలచనైతే ఎరుపు వెలవెలబోతుంది, ఎక్కువైతే పువ్వు అంచు దాటి పాకిపోతుంది. ఆ గదిలోకి ఆడవాళ్ళు అడుగు పెట్టకూడదు. పెడితే ఎరుపు విరిగిపోతుందని వాళ్ళ నమ్మకం. కులపెద్దలు కూడా ఆ విషయంలో గట్టిగానే ఉండేవాళ్ళు. తప్పు కట్టించి, పని ఇవ్వకుండా నిలబెట్టిన ఇళ్ళున్నాయి.

పటిక ఎంత వేయాలన్నదానికి తూకం లేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకోవడమే. ఆ వగరు నాలుక ఎక్కడ పట్టుకుంటుందో, ఎంతసేపు పట్టుకుంటుందో, దాన్నిబట్టి చెప్పాలి. భావనారాయణగారికి ఆ విద్య వాళ్ళ నాయన నుంచి వచ్చింది. కాని ఆయన చుట్టలు కాల్చేవాడు. నలభై దాటేసరికి నాలుక మొద్దుబారిపోయింది. కొడుకులు లేరు. ఒక్కతే కూతురు. ఏం చేస్తాడు? తెల్లవారుజామున, వీధిలో ఇంకా ఎవరూ లేవకముందు, ఆ పిల్లని లేపి గదిలోకి తీసుకెళ్ళేవాడు.

"అమ్మడూ, ఎలా ఉంది చూడు."

"ఇంకాస్త పడాలి నాన్నా. నిన్నటంత పట్టుకోవట్లా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుంది. నాలుక మడతపడింది."

అలా ఆ పిల్ల చిన్నతనం గడిచింది. బందరు నుంచి వచ్చిన వ్యాపారి పిచ్చేశ్వరరావుగారు గుడ్డ విప్పి ఎండలో పట్టుకుని, "ఏం చెయ్యి నాయనా నీది" అని మెచ్చుకునేవాడు. భావనారాయణగారు తలదించుకుని "అంతా స్వామి దయండి" అనేవాడు. లోపల మంగమ్మ వదిన కూతురి వైపు చూసేది. అనసూయ అట్లకాడ తిప్పుతూ నవ్వు ఆపుకునేది.

నాలుక మీద వగరు ఎందుకు పుడుతుంది, పటిక పడినచోటే ఎరుపు ఎందుకు నిలుస్తుంది అని ఆ పిల్లకి సందేహం. హైస్కూల్లో సైన్సు మాస్టారిని అడిగితే, "అది కెమిస్ట్రీ అమ్మా. కాలేజీలో చెబుతారు" అన్నారట. ఆయన ఏదో మాటవరసకి అన్నారు. ఈ పిల్ల పట్టుకుంది. తండ్రి కాదనలేదు. పిచ్చేశ్వరరావుగారే ఫీజు విషయంలో ఎవరికో చెప్పి సాయం చేయించారు. ఆయన మంచివాడే. తరువాత జరిగినదానికి ఆయన్ని తప్పుపట్టాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

బందరులో ఒక కాలేజీలో చేరింది. పి.యు.సి. అయ్యాక బి.ఎస్‌సి.లో కెమిస్ట్రీ తీసుకున్నది ఆడపిల్లల్లో తనొక్కతే. పొద్దున్నే పెడన స్టేషన్లో బందరు బండి ఎక్కేది. ఆడవాళ్ళ పెట్టెలో పాలు, కూరగాయల బుట్టలవాళ్ళు ఉండేవాళ్ళు.

"జరగండే, కాలేజీ దొరసానిగారొచ్చారు. బుట్ట తియ్యి."

"ఏమ్మా, అంత చదివి ఏం చేస్తావు, కలెక్టరువా?"

"రంగులు చేస్తానత్తా."

"అదేదో మీ నాన్న చేస్తున్నాడుగా. దానికి బందరు దాకా దేనికి?" అని నవ్వి, ఆవిడే తన బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఈ పిల్లకి చోటు ఇచ్చేది.

లేబరేటరీలో అబ్బాయిలు ఇద్దరేసి ఒక బల్ల దగ్గర నిలబడేవాళ్ళు. ఆడపిల్ల పక్కన నిలబడటానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది. అందుకని అటెండరు జకరయ్య కిటికీ పక్కన పాత బల్ల ఒకటి తుడిచి, దాని కాలు కింద చెక్కముక్క పెట్టి, తనకంటూ ఇచ్చాడు. ఎండ పడకుండా కిటికీకి గోనెపట్టా కట్టాడు. ప్రాక్టికల్సు చెప్పే నాగేశ్వరరావుగారు మొదట్లో ఆ వైపు వచ్చేవారు కాదు. తరువాత్తరువాత అలవాటు పడ్డారు. "నీ చెయ్యి నిలకడగా ఉందమ్మా" అని ఒకసారి అన్నారని అనసూయ ఇంటికొచ్చి అమ్మతో చెప్పింది. గోడ ఇవతల నేను విన్నాను.

కింది తరగతిలో ఇద్దరు ఆడపిల్లలు వచ్చే ఏడు కెమిస్ట్రీ తీసుకుందామనుకుంటున్నారు. ఆ కిటికీ దగ్గరికొచ్చి తొంగిచూసి వెళ్ళేవాళ్ళు. "రండి రండి, ఈ బల్ల పొడుగే. ముగ్గురం పడతాం" అనేది అనసూయ. ఆ మాట ఇంటికొచ్చి కూడా అనేది. డిగ్రీ తెచ్చుకోవాలి, ఆ బల్ల దగ్గరికి ఇంకొందరు రావాలి. ఆ పిల్ల కోరికల్లా ఇంతే.

రెండో ఏడు ఉప్పులు గుర్తుపట్టే పాఠం మొదలైంది. ఒక్కొక్కరికీ చిన్న పొట్లంలో ఏదో ఉప్పు ఇస్తారు. రంగు చూసి, వాసన చూసి, కాల్చి, కరిగించి అదేమిటో చెప్పాలి. ఆ రోజు అనసూయకి వచ్చింది తెల్లగా, మెరుస్తూ, అచ్చం నూరిన పటికలా ఉంది. ఎన్నిసార్లు చేసినా ఫలితం కుదరలేదు. చుట్టూ అబ్బాయిలు ముగించుకుని వెళ్ళిపోతున్నారు. ఆ తొందరలో, ఆ ఆలోచనలో, చెయ్యి దానంతటది నోటి దగ్గరికి వెళ్ళింది. వేలికి అంటిన పొడి నాలుక మీద పెట్టుకుంది. చిన్నప్పటి నుంచి తెల్లవారుజామున చేసినట్టే చేసింది.

అది పాదరసంతో చేసిన ఉప్పు.

నోరు మండిపోయి కింద కూర్చుండిపోయింది. నాగేశ్వరరావుగారు పరుగెత్తుకొచ్చి, "కోడిగుడ్లు, కోడిగుడ్లు తే జకరయ్యా" అని అరిచారు. జకరయ్య కాలేజీ వెనక ఉన్న తన ఇంటికి పోయి ఇంట్లో ఉన్న గుడ్లన్నీ పంచెలో పోసుకొచ్చాడు. తెల్లసొన తాగించి, రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది. దేవుడు ఏ రూపంలో వస్తాడో మనకి తెలియదు. ఆ రోజు జకరయ్య పంచెలో వచ్చాడనుకున్నాను నేను.

అయితే ఊరు ఊరుకోలేదు. కాలేజీ పిల్ల విషం మింగిందంటే ఎవరికైనా తోచేది ఒకటేగదా. ఎవడో అబ్బాయి ఉన్నాడన్నారు. పేరు కూడా కల్పించారు. కానిస్టేబులు వచ్చి మంచం పక్కన నిలబడి మెల్లగానే అడిగాడు.

"ఏమ్మా, ఎవరైనా ఏమన్నా అన్నారా?"

నోరంతా పుండు. అనసూయ తల అడ్డంగా ఊపి, "రుచి చూశానండి" అంది.

"ఎందుకమ్మా?"

"అలవాటండి."

ఎవరి అలవాటో, ఎక్కడి అలవాటో చెప్పలేదు. చెబితే ఆ గది సంగతి చెప్పాలి. తండ్రికి పని పోతుంది. పిల్ల అక్కడితో నోరు మూసుకుంది.

నాలుగు రోజులకి ప్రిన్సిపాలుగారు భావనారాయణగారిని పిలిపించారు. తోడుగా పిచ్చేశ్వరరావుగారు వచ్చి పక్కన కూర్చున్నారు. గదిలో నాగేశ్వరరావుగారు, కాలేజీ కమిటీవారు ఇద్దరు. అక్కడ జరిగింది గుమ్మం దగ్గర నిలబడ్డ జకరయ్య తరువాత చెప్పాడు.

"మీ అమ్మాయి ఆత్మహత్య ప్రయత్నం కాదంటోంది. అలవాటంటోంది. ఉప్పుని నాలుకతో చూడటం ఏం అలవాటండీ? మీ పనిలో ఉందా?" అని ప్రిన్సిపాలుగారు అడిగారు.

భావనారాయణగారు పిచ్చేశ్వరరావుగారి వైపు చూశాడట. కండువా చేతిలో నలిపాడట. పనిలో ఉందని చెప్పవచ్చు. ఆయన చేస్తాడు, ఆయన నాయన చేశాడు. కాని వెంటనే వచ్చే ప్రశ్న, మరి ఆడపిల్లకి ఎలా వచ్చింది అని.

"లేదండి. ఆడపిల్ల కదండీ. వంటింటి అలవాటు" అన్నాడు.

కమిటీవారిలో ఒకాయన నిట్టూర్చి, "అదేనండి. ఎంత చదివించినా వంటింటి అలవాటు పోదు. లేబరేటరీ వంటిల్లు కాదుగదా. రేపు ఇంకోపిల్లకి ఏమన్నా అయితే ఎవరు జవాబుదారీ?" అన్నారు. కోపంగా కాదు, బాధగానే అన్నారట. ఆడపిల్లలకి ఇక కెమిస్ట్రీ ప్రాక్టికల్సు ఇవ్వకూడదని ఆ పూటే తీర్మానించారు. ప్రాక్టికల్సు లేనిదే యూనివర్సిటీ పరీక్షకి పంపరు. అంటే కెమిస్ట్రీ ఇక లేనట్టే.

ఆ కింది తరగతి పిల్లలిద్దరిలో ఒకమ్మాయి ఆస్పత్రికి చూడటానికి వచ్చింది. అరటిపళ్ళు మంచం పక్కన పెట్టి, "మేం హిస్టరీ తీసుకున్నామక్కా" అంది. తరువాత, "మీ నాన్నగారే చెప్పారటగా, వంటింటి అలవాటని. మావాళ్ళు అది పట్టుకున్నారు" అంది.

అప్పుడు భావనారాయణగారు అక్కడే ఉన్నాడు. ఫ్లాస్కులో పాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అనసూయ ఆయన వైపు చూడలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన పాలు గ్లాసులో పోసి చల్లార్చి, చల్లారాక మళ్ళీ చల్లార్చి, మంచం పక్కన కూర్చున్నాడు. ఆ మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పుళ్ళు మానాయి. రుచి మాత్రం తిరిగి రాలేదు. తీపి కాస్త తెలిసేది. ఉప్పు, పులుపు, వగరు పూర్తిగా పోయాయి. ఇంక తెల్లవారుజామున లేపడానికి ఆయనకి కారణం లేకుండాపోయింది. ఆ ఏడు గుడ్డల మీద ఎరుపు వెలవెలబోయింది. మరుసటేడు పిచ్చేశ్వరరావుగారు గుడ్డ ఎండలో పట్టుకుని, తిరిగి మడతపెట్టారు. తరువాత ఆయన దగ్గర్నుంచి పని రావడం తగ్గి తగ్గి, ఆగిపోయింది. భావనారాయణగారు మగ్గం నేసేవాళ్ళ దగ్గర నూలు కండెలు చుట్టడానికి కుదిరాడు.

అనసూయ టీచరు ట్రైనింగు అయి, గుడివాడలో ఒక ఆడపిల్లల బడిలో చేరింది. మునుపు బందరు వైపు వెళ్ళే బండి ఎక్కేది, ఇప్పుడు అదే ప్లాట్‌ఫారం మీద నిలబడి గుడివాడ వైపు వెళ్ళేది ఎక్కుతోంది. బందరు బండి ముందొస్తే అది కదిలిపోయేదాకా తలవంచుకుని నిలబడేదని స్టేషను దగ్గర టీ అమ్మే ఆయన మా ఆయనతో చెప్పాడు. ఆమె బండి ఆలస్యమైన రోజుల్లో ఆ టీ ఆయనే తన స్టూలు ఇచ్చి కూర్చోబెట్టేవాడట.

పెళ్ళి కాలేదు. విషం మింగిన పిల్ల అన్న పేరు పోలేదు. ఆమె కూడా దాని గురించి పట్టించుకున్నట్టు కనిపించలేదు. బడిలో సైన్సు పరికరాలంటే ఒక బీకరు, విరిగిన తక్కెడ. వాటితోనే పాఠం చెప్పేది. మొదటిరోజు ప్రతి పిల్లచేతా చెయ్యి నోటికి అడ్డం పెట్టించేది. "ఇక్కడ నాలుకకి పని లేదు. కంటికి, చేతికే పని. ఏం?" అని అడిగేది. పిల్లలు చేతుల వెనక నుంచే "సరే టీచరుగారూ" అనేవాళ్ళు. ఆ అలవాటు చూసి తోటి టీచర్లు నవ్వుకునేవాళ్ళు.

ఆ బడిలో సత్యవతమ్మ అని ఒక పిల్ల చదివింది. దివిసీమలో సముద్రం ఒడ్డున ఊరు. తండ్రి వేటకెళ్ళేవాడు. గుడివాడలో ఎండుచేపలు అమ్ముకునే పెద్దమ్మ దగ్గర ఉండి చదువుకుంది. చురుకైన పిల్ల. ఉప్పుమళ్ళలో నీళ్ళు ఎండితే ఉప్పు పలకలు పలకలుగా ఎందుకు కడుతుందని అడిగేదట. ఆ ప్రశ్న విన్న రోజు అనసూయ ఇంటికొచ్చి, ఎన్నాళ్ళకో, వాళ్ళమ్మతో చాలాసేపు మాట్లాడింది.

అరవయ్యారులో ఆ పిల్ల స్కూలు ఫైనలు మంచి మార్కులతో పాసయింది. గుడివాడ కాలేజీలో తనకి కావలసిన గ్రూపు సీట్లు నిండిపోయాయి. గుంటూరు పంపే స్తోమత లేదు. బందరులో పినతల్లి ఉంది. "వెళ్ళి అడగమ్మా. ఇన్నేళ్ళయింది, మార్చే ఉంటారు" అని అనసూయే చెప్పి పంపింది. తను వెంట వెళ్ళలేదు. తనని చూస్తే పాత సంగతి గుర్తొస్తుందేమో అనుకుంది.

ఆ సాయంత్రం సత్యవతమ్మ పెడనలో దిగి నేరుగా వాళ్ళింటికి వచ్చింది. నేను అరుగు మీద బియ్యం ఏరుకుంటున్నాను. భావనారాయణగారు గుమ్మంలో కండెలు చుడుతున్నాడు.

"ఇవ్వరంట టీచరుగారూ. ఆడపిల్లలకి కెమిస్ట్రీ లేదంట. హిస్టరీ తీసుకోమన్నారు."

"ఎందుకో అడిగావా?"

"అడిగానండి. గుమాస్తాగారు నవ్వారు. ఎప్పుడో ఒకమ్మాయి ఉప్పుని చారులో ఉప్పు చూసినట్టు నాకేసిందంట. చావుతప్పిందంట. ప్రతి ఏడూ కొత్త అబ్బాయిలకి ఆ కథ చెబుతారంట. ఎవరైనా తప్పు చేస్తే, ఏరా, వంటింటి అలవాటా అని ఏడిపిస్తారంట. నాకూ నవ్వొచ్చింది టీచరుగారూ. అంత తెలివితక్కువది ఎవరండీ?"

అనసూయ లేచి లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఆ పిల్లకి ఇచ్చింది. "తాగు. ఎండన పడి వచ్చావు" అంది. పిల్ల ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, అంతా తాగేసింది. ఉప్పు ఎంత పడిందో ఏమో. భావనారాయణగారి చేతిలో రాట్నం ఆగిపోయింది.

మర్నాడు పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పటిక నీళ్ళు కలిపిన చిన్న చెంబుకి గుడ్డ కట్టుకుని బందరు బండి ఎక్కాడు. ఎక్కడికని మంగమ్మ వదిన అడిగితే చెప్పలేదు. జకరయ్యకి జుట్టు నెరిసిపోయింది. అయినా గుర్తుపట్టాడు, తిన్నగా లేబరేటరీలోకి తీసుకెళ్ళాడు. అబ్బాయిలు పని చేసుకుంటున్నారు. నాగేశ్వరరావుగారు అద్దాల్లోంచి చూసి, ఎవరో తెలిశాక లేచి నిలబడ్డారు.

భావనారాయణగారు అందరి ముందూ చెంబు విప్పి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఇదండి మా అలవాటు. మా తాతది, మా నాయనది. అందరూ మగాళ్ళేనండి. ఆడవాళ్ళని ఆ గదిలోకే రానివ్వం. నా నాలుక చచ్చిపోతే దొంగతనంగా నేనే దాన్ని పిలిచాను. దానికి వంటింట్లో వచ్చింది కాదండి. నా దగ్గర వచ్చింది. ఆ రోజు అబద్ధం చెప్పాను."

అబ్బాయిల్లో ఎవరూ నవ్వలేదని జకరయ్య చెప్పాడు. నాగేశ్వరరావుగారు స్టూలు తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టారు.

"ఈ ముక్క ఆనాడు అని ఉంటే బాగుండేదండీ."

"పనిపోతుందని భయపడ్డానండి. అది ఎలాగూ పోయింది."

"నేను కమిటీవారికి చెబుతాను. ఈ ఏడు సీట్లు ఇచ్చేశారు. వచ్చే ఏడన్నా..." అన్నారాయన.

ఆయన చెప్పారు కూడా. కాని ఆ తీర్మానం చేసినవాళ్ళు కొందరు లేరు, ఉన్నవాళ్ళకి తీరికలేదు. సత్యవతమ్మ వాళ్ళ నాన్న ఇంకో ఏడు ఆగనన్నాడు. ఆ పిల్ల హిస్టరీలో చేరింది. ఆ కథ చెప్పడం మాత్రం ఆ రోజు నుంచి ఆ లేబరేటరీలో ఆగిపోయిందని జకరయ్య అన్నాడు. కిటికీ పక్క బల్ల మీద సీసాలు పెట్టుకుంటున్నారు.

ఆ రోజు సాయంత్రం భావనారాయణగారిని జకరయ్యే బండి ఎక్కించాడు. దారిలో సోడా ఇప్పించాడట. ఇంటికి రాగానే ఆయన చెప్పులు విడిచి, పెరట్లోకి వెళ్ళి, ఏళ్ళుగా మూసిపెట్టిన ఆ గది తలుపు బార్లా తీశాడు. ఇంకా వెలుగుంది. వీధిలో అందరం బయటే ఉన్నాం. కాలువ నుంచి నీళ్ళ బిందెలతో వచ్చేవాళ్ళు నిలబడి చూస్తున్నారు.

"అమ్మడూ, ఇలా రా" అని గట్టిగా పిలిచాడు.

అనసూయ బడి నుంచి అప్పుడే వచ్చింది. చేతిసంచి కూడా దింపలేదు. గది గుమ్మం దగ్గర ఆగింది. అందరూ చూస్తుండగా లోపలికి అడుగుపెట్టింది.

"చెప్పొచ్చాను" అన్నాడాయన.

"ఎవరికి?"

"నాగేశ్వరరావుగారికి. పిల్లలందరి ముందూ."

ఆమె తలూపింది. ఆయన చెంబులో మిగిలిన పటిక నీళ్ళు ఆమె ముందు పెట్టాడు. ఆ మొహంలో ఏమి ఆశ ఉందో నేను చెప్పలేను. తెల్లవారుజామున పిలిచినప్పటిలాగే అడిగాడు.

"ఎలా ఉంది చూడు."

బడిలో అంతమంది పిల్లలకి నాలుకతో పని లేదని నేర్పిన మనిషి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. ఆయన ఆమె నోటివైపే చూస్తున్నాడు.

"నీళ్ళలా ఉంది నాన్నా" అంది.